పొరుగు దేశములో భూమి, ప్రైవేటు అప్పు: బర్మా నేర్పిన పాఠము

గత విద్యాసంవత్సరములో మేము వాణిజ్యశాస్త్ర తరగతిలో హుండీలను గురించి పాఠము చెప్పుచుండగా కోదాడ ప్రాంతపు విద్యార్థి ఒకడు లేచి ఒక ప్రశ్న అడిగినాడు. వారి బంధువు ఒకరు సముద్రమునకు ఆవల నున్న దేశములో ఒక ఫ్లాటు బేరము తెచ్చినారట. ఇందుకు బ్యాంకు అప్పు ఇవ్వదు గనుక సూర్యాపేటలోను మిర్యాలగూడలోను తెలిసినవారి వద్ద నూటికి రెండు రూపాయల వడ్డీకి సొమ్ము పోగు చేయుదమనియు, అందుకు హామీగా కాలువ క్రింద నున్న మూడెకరముల పొలమును తాకట్టు పెట్టుదమనియు ఆయన ఈ విద్యార్థి తండ్రిగారికి చెప్పుచున్నారట. "సార్, మా నాన్న ఒప్పుకొనవచ్చునా?" అని అతడు అడిగినాడు.

ఆనాడు మేము వెంటనే సమాధానము చెప్పలేకపోయినాము. పుస్తకములో హుండీకి నిర్వచనము ఉన్నది గాని, ఒక కుటుంబము తన పొలమును పణముగా పెట్టవచ్చునా లేదా అనునది అందులో లేదు. ఈ వ్యాసము ఆ ప్రశ్నకు ఆలస్యముగ ఇచ్చుచున్న సమాధానము.

పొరుగు దేశపు భూమిపై ప్రైవేటు సొమ్ము పెట్టుట మన దక్షిణాది వారికి క్రొత్త పని కాదు. ఒకప్పుడు అది కోట్ల రూపాయల మేర జరిగినది. జరిగిన చోటు బర్మా, అనగా నేటి మయన్మార్. ఉర్దూ చదువు విద్యార్థులకు రంగూన్ పేరు 1862లో అక్కడ ప్రవాసములో మరణించిన బహదూర్ షా జఫర్ వలన పరిచితమే. తెలుగు పల్లెలకు ఆ పేరు కూలికి పోయినవారి వలన తెలిసినది. అప్పు, వడ్డీ, భూమి, సరిహద్దు అను నాలుగు విషయములు కలిసినప్పుడు ఏమి జరుగునో ఆ దేశపు చరిత్రలో స్పష్టముగ కనిపించును.

1. వరి పొలముల దేశము

బ్రిటిష్ వారు 1852 యుద్ధముతో దిగువ బర్మాను, 1885 యుద్ధముతో ఎగువ బర్మాను వశపరచుకొనినారు. ఐరావతీ నది సముద్రములో కలియు ప్రాంతమంతయు ఆనాడు ఎక్కువ భాగము అడవి, బురదనేల. 1869లో సూయజ్ కాలువ తెరువబడిన తరువాత ఐరోపాకు ఓడ ప్రయాణము తగ్గి, బర్మా బియ్యమునకు గిరాకీ పెరిగినది. 1850 దశకములో దిగువ బర్మాలో వరి సాగు పది లక్షల ఎకరములకు లోపుగానే ఉండినది. 1930 దశకము నాటికి అది 80 లక్షల ఎకరములు దాటినది. బర్మా ప్రపంచములో బియ్యము ఎగుమతి చేయు దేశములలో మొదటిదైనది.

మిర్యాలగూడ బియ్యపు మిల్లులను చూచి పెరిగిన మన విద్యార్థులకు వరికిని పెట్టుబడికిని గల సంబంధమును విడమరచి చెప్పనక్కరలేదు. అడవి నరికి మడి చేయుటకు సొమ్ము కావలెను. ఎడ్లకు, విత్తనమునకు, కూలికి, మొదటి పంట వచ్చువరకు తిండికి సొమ్ము కావలెను. రంగూన్‌లోని ఆంగ్ల బ్యాంకులు పెద్ద వర్తక సంస్థలకు, మిల్లులకు అప్పు ఇచ్చినవే గాని, డెల్టాలోని చిన్న రైతు గడప త్రొక్కలేదు.

ఈ పరిస్థితిలో 1876 నాటి బర్మా భూమి, రెవిన్యూ చట్టము ఒక ముఖ్యమైన మార్పు తెచ్చినది. పండ్రెండు సంవత్సరములు ఎడతెగక సాగుచేసి శిస్తు కట్టిన రైతుకు ఆ భూమిపై హక్కు కలుగును. ఆ హక్కును అమ్మవచ్చును, తాకట్టు పెట్టవచ్చును. అంతవరకు భూమి రైతుకు జీవనాధారము. ఈ చట్టముతో అది అప్పుకు హామీగా కూడ మారినది. ఆ హామీని చూచియే సొమ్ము సముద్రము దాటి వచ్చినది.

2. సొమ్ము ఎక్కడి నుండి వచ్చినది?

ఆ సొమ్ము తెచ్చినవారు తమిళనాడులోని చెట్టినాడు ప్రాంతపు నాట్టుకోట్టై చెట్టియార్లు. 1850 ప్రాంతములో మౌల్మీన్, రంగూన్ నగరములలో వారి కొట్లు ఆరంభమైనవి. 1929–30లో పనిచేసిన బర్మా ప్రాంతీయ బ్యాంకింగు విచారణ సంఘము లెక్క ప్రకారము ఆ దేశములో వారి కొట్లు సుమారు 1,650. వారు అక్కడ త్రిప్పుచున్న సొమ్ము 65 నుండి 75 కోట్ల రూపాయలు. అందులో మూడింట రెండు వంతులు వ్యవసాయపు అప్పులే.

వారి పద్ధతిని వాణిజ్యశాస్త్ర విద్యార్థులు శ్రద్ధగా గమనింపవలెను. మొదటి ఆధారము కుటుంబపు సొంత మూలధనము. రెండవది బంధువుల డిపాజిట్లు. ఆడపిల్లలకు పెండ్లిలో ఇచ్చిన సొమ్ము సైతము కొట్టులో జమ అయి వడ్డీ సంపాదించుచుండెడిది. మూడవది ఇతరుల డిపాజిట్లు. నాలుగవది బ్యాంకుల నుండి తెచ్చిన అప్పు. రంగూన్‌లోని చెట్టియార్లు ప్రతి మాసము తమ దేవాలయములో కూడి, తమలో తాము ఇచ్చిపుచ్చుకొను సొమ్మునకు వడ్డీ రేటును నిర్ణయించుకొనెడివారు. కొట్టు యజమాని చెట్టినాడులోనే ఉండును. బర్మాలో పని చూచుటకు ఒక ఏజెంటును మూడు సంవత్సరముల గడువుపై పంపును. ఆ ఏజెంటు సాధారణముగ అదే కులమువాడు, తెలిసిన ఇంటివాడు. లెక్క తప్పినచో అతని కుటుంబమునకు ఊరిలో పరువు పోవును. నేడు బ్యాంకులు కాగితములతో సాధించు నమ్మకమును వారు బంధుత్వముతో సాధించినారు.

వీరందరును కఠినులైన వడ్డీ వ్యాపారులని అనుకొనుట న్యాయము కాదు. స్థానిక బర్మీయ వడ్డీ వ్యాపారుల కంటె చెట్టియార్లు సాధారణముగ తక్కువ వడ్డీకే అప్పు ఇచ్చినారని విచారణ సంఘమే గుర్తించినది. వారి సొమ్ము లేనిచో ఆ డెల్టా అంత త్వరగా వరి మాగాణి అయ్యెడిది కాదు.

అయినను ఈ ఏర్పాటులో ఒక లోపము దాగియున్నది. డిపాజిటుదారు రెండు మూడు నెలల గడువుతో సొమ్ము ఇచ్చినాడు. బ్యాంకు తన సొమ్మును ఎప్పుడైనను అడుగవచ్చును. రైతునకు ఇచ్చిన అప్పు మాత్రము పంట చేతికి వచ్చిన గాని, ఒక్కొక్కప్పుడు ఏండ్లు గడిచిన గాని తిరిగిరాదు. దగ్గరి గడువుతో తెచ్చిన సొమ్మును దూరపు గడువుతో భూమిలో పెట్టినారన్నమాట. ధరలు నిలకడగా ఉన్నంతవరకు ఈ లోపము ఎవరికిని కనబడలేదు.

3. అదే ఓడలో మనవారు

చెట్టియారు ఏజెంటు ప్రయాణము చేయు కాలములోనే తెలుగు కూలీలును బంగాళాఖాతము దాటినారు. విశాఖపట్టణము, గంజాము, గోదావరి ప్రాంతముల నుండి వేలాదిగా పోయిన వీరిని బర్మాలో "కోరంగీలు" అని పిలిచెడివారు. కాకినాడ సమీపములోని కోరంగి రేవు పేరు మీదుగా వచ్చిన పిలుపు అది. రంగూన్ రేవులో ఓడలకు సరుకు ఎత్తినవారు, దించినవారు, బియ్యపు మిల్లులలో బస్తాలు మోసినవారు ఎక్కువగా వీరే. 1931 జనాభా లెక్కలలో బర్మాలోని భారతీయులు పది లక్షలు దాటినారు. రంగూన్ నగర జనాభాలో సగమునకు పైగా భారతీయులే.

ఈ కూలి కూడ అప్పుతోనే ఓడ ఎక్కినాడు. మేస్త్రీ అతనికి ముందుగా సొమ్ము ఇచ్చి, టిక్కెట్టు కొని, రంగూన్‌లో పనికి కుదిర్చి, ఆ బాకీని కూలిలో విరుచుకొనెడివాడు. కొట్టులోని పెట్టుబడియు అప్పే, రేవులోని చెమటయు అప్పే. తేడా ఏమనగా, ఏజెంటు కష్టకాలములో చెట్టినాడునకు ఉత్తరము వ్రాసి సొమ్ము తెప్పించుకొనగలడు. కూలీకి వ్రాయుటకు చోటు లేదు.

4. ధర పడిపోయిన నాడు

1929లో ప్రపంచమంతటను ఆర్థిక మాంద్యము వచ్చినది. 1930–31 నాటికి బర్మాలో వడ్ల ధర దాదాపు సగమునకు పడిపోయినది. దీని ఫలితమును గ్రహించుటకు ఒక చిన్న లెక్క వేయుదము. ఇందలి అంకెలు పాఠము కొరకు మేము ఊహించినవి.

ఒక రైతు 600 రూపాయలు సాలీనా నూటికి 15 వడ్డీకి తెచ్చినాడనుకొందము. నూరు గంపల వడ్ల ధర 150 రూపాయలు ఉన్నప్పుడు అతని అసలు 400 గంపలకు సమానము, ఏటి వడ్డీ 60 గంపలు. ధర 75 రూపాయలకు దిగినప్పుడు అసలు 800 గంపలు, ఏటి వడ్డీ 120 గంపలు అగును. రైతు ఒక్క రూపాయి అదనముగ అప్పు చేయలేదు. పొలము ఒక్క గంప తక్కువ పండలేదు. అయినను అప్పు రెండింతలైనది. అప్పు రూపాయలలో స్థిరముగ నున్నది, దానిని తీర్చవలసిన పంట విలువ మాత్రము జారిపోయినది.

రైతులు వడ్డీ కట్టలేకపోయినారు. చెట్టియార్లు తమ డిపాజిటుదారులకును బ్యాంకులకును సమాధానము చెప్పుకొనవలసియుండెను. తాకట్టు భూములను స్వాధీనము చేసుకొనుట తప్ప వారికి మార్గము లేకపోయినది. 1930లో దిగువ బర్మాలోని 13 ముఖ్యమైన వరి జిల్లాలలో వారి చేతిలోని భూమి సుమారు 5 లక్షల 70 వేల ఎకరములు, అనగా సాగులోనున్న దానిలో నూటికి 6 వంతులు. 1938 నాటికి అది 24 లక్షల ఎకరములు దాటి నూటికి 25 వంతులైనది.

ఇక్కడ విద్యార్థులు జాగ్రత్తగా ఆలోచింపవలెను. చెట్టియార్లు భూస్వాములు కావలెనని బర్మాకు పోలేదు. వారికి కావలసినది నగదు. భూమిని త్వరగా అమ్మి సొమ్ము చేసుకొందమన్నను కొనువాడు లేడు. ఇటు పుస్తకములో ఆస్తి నాలుగింతలైనది, అటు పెట్టెలో నగదు తగ్గిపోయినది. ఆ ఎనిమిది సంవత్సరములలో అడవి నరికి మడి చేసిన బర్మీయ రైతు అదే మడిలో కౌలుదారుగా మిగిలినాడు. అతని దృష్టిలో ప్రపంచ మాంద్యమును లేదు, డిపాజిటు గడువులును లేవు. ఎదుటనున్నది పరదేశి ఒక్కడే.

5. రాష్ట్రము పరాయి దేశమైన నాడు

ఆ కోపము మొదట పడినది ధనికుని మీద కాదు, రేవులోని తెలుగు కూలీ మీద. 1930 మే నెలలో రంగూన్ రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచవలెనని సమ్మె చేసినారు. యజమానులు బర్మీయులను పనిలో పెట్టుకొనినారు. సమ్మె ముగిసి పాతవారిని తిరిగి తీసుకొని బర్మీయులను పంపివేయగా ఘర్షణ చెలరేగినది. నగరములో నూరుగురికి పైగా మరణించినారు, వారిలో అత్యధికులు భారతీయులు. 1938లో జరిగిన అల్లరులలో భారతీయ ముస్లిములు ముఖ్యముగ బాధలకు గురియైనారు. వడ్డీకి సొమ్ము ఇచ్చినవాడు ఒకడు, దెబ్బలు తిన్నవాడు వేరొకడు.

ఇంతలో చట్టపు రూపము కూడ మారినది. 1937 ఏప్రిల్ 1 వరకు బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రము. ఆనాటి నుండి అది వేరు దేశము. మదరాసు నుండి సొమ్ము పంపినవారు తమ సొమ్ము ఒక రాష్ట్రము నుండి ఇంకొక రాష్ట్రమునకు పోవుచున్నదనియే తలచినారు. ఒక ఉదయమున లేచి చూచుసరికి వారు పరదేశములో పెట్టుబడిదారులైనారు. ఆ సంవత్సరము ఫిబ్రవరిలోనే ఎం. సి.టి. ఎం. చిదంబరం చెట్టియార్ స్థాపించిన ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు, కారైక్కుడి, మదరాసులతో పాటు రంగూన్‌లోను శాఖ తెరచినది. బంధుత్వపు నమ్మకముపై నడిచిన సొమ్ము అప్పటికి నమోదైన బ్యాంకు వైపు అడుగులు వేయుచున్నది.

1941 డిసెంబరులో జపాను విమానములు రంగూన్‌పై బాంబులు వేసినవి. 1942 మార్చిలో నగరము జపాను వశమైనది. లక్షలాది భారతీయులు ఇండియాకు తరలినారు. ఓడ దొరకనివారు అరకాన్, మణిపురము, అస్సాము మార్గములలో కొండలు, అడవులు నడచి దాటినారు. వేలమంది త్రోవలోనే మరణించినారు. 1948 జనవరి 4న బర్మా స్వతంత్రమైనది. అదే సంవత్సరము భూజాతీయకరణ చట్టము వచ్చినది, 1953లో దానిని సవరించి తిరిగి చేసినారు. లభించిన పరిహారము పోయిన ఆస్తి విలువకు ఏ మాత్రమును సాటిరాలేదు. 1962లో సైనిక ప్రభుత్వము ఏర్పడినది. 1963లో బ్యాంకులు, 1964లో దుకాణములు జాతీయము చేయబడినవి. పెద్ద నోట్లు రద్దయినవి. లక్షలాది భారతీయులు చేతికి దొరికిన దానితో తిరిగివచ్చినారు. విశాఖపట్టణములోని బర్మా క్యాంపు ఆ కాందిశీకుల పేరనే వెలసినది.

6. మన ఊరి సరిహద్దు

ఈ కథ దూరదేశపు కథగా తోచవచ్చును. కాని సరిహద్దు అనగానేమో మన కోదాడకు బాగుగ తెలియును. 1948 వరకు కోదాడ నిజాము రాజ్యములో ఉన్నది, ప్రక్కనున్న జగ్గయ్యపేట మదరాసు రాష్ట్రములో ఉన్నది. నడుమ కరోడ్‌గిరి నాకాలు, సుంకములు. ఇవతల చెలామణి హాలీ సిక్కా, అవతల కంపెనీ రూపాయి. ఏడు హాలీ రూపాయలు ఆరు బ్రిటిష్ రూపాయలకు సమానము. అప్పు ఇచ్చినవాడు ఒక వైపు, తాకట్టు భూమి ఇంకొక వైపు ఉన్నచో రెండు నాణెములు, రెండు చట్టములు, రెండు కచేరీలు. వడ్డీ వ్యాపారి లైసెన్సు తీసుకొనవలెనని, లెక్కలు వ్రాయవలెనని నిజాము ప్రభుత్వము ఫసలీ 1349లో, అనగా 1939–40 ప్రాంతములో, ప్రత్యేక చట్టము చేసినది.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఆ సరిహద్దు చెరిగినది. 1955 డిసెంబరులో పునాది పడిన నాగార్జునసాగర్ నుండి 1967లో కాలువలకు నీరు వదలబడినది. ఎడమ కాలువ క్రింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతములు మాగాణి అయినవి. కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు అనేకులు అక్కడి కొద్దిపాటి పొలమును అమ్మి, ఇక్కడ అంతకు ఎక్కువ ఎకరములు కొని వచ్చి స్థిరపడినారు. నీటి విలువ తెలియక చవుకగా అమ్ముకొనిన స్థానిక రైతుల బాధయు ఇందులో ఉన్నది. దానిని మరువరాదు.

2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడినది, కోదాడ వద్ద మరల సరిహద్దు వెలసినది. అయినను కోస్తా నుండి వచ్చిన రైతు భూమి గాని, ఇక్కడి నుండి విజయవాడలో ఇల్లు కొనినవాని ఇల్లు గాని ఆ కారణముగ పోలేదు. 1937 నాటి బర్మా విభజనకును దీనికిని తేడా ఎక్కడ ఉన్నది? ఇచ్చట రాజ్యాంగము ఒకటి, పౌరసత్వము ఒకటి, రూపాయి ఒకటి, పై న్యాయస్థానము ఒకటి. అంతేగాక, వచ్చిన రైతులలో అనేకులు పొలము అమ్మిన సొంత సొమ్ముతో వచ్చినారు, వచ్చి ఆ నేల మీదనే కాపురముండి దున్నినారు. బర్మాలోని పెట్టుబడికి ఈ ఆధారములలో ఒక్కటియు చివరివరకు నిలువలేదు.

7. నేటి చట్టము ఏమి చెప్పుచున్నది?

ఇక విద్యార్థి ప్రశ్నకు వత్తుము. విదేశీ ద్రవ్య వ్యవహారములను 1973 నాటి కఠినమైన చట్టమునకు బదులుగా 1999లో చేసిన విదేశీ ద్రవ్య నిర్వహణ చట్టము, అనగా ఫెమా, నడుపుచున్నది. 2004లో రిజర్వు బ్యాంకు ప్రవేశపెట్టిన సరళీకృత పథకము ప్రకారము భారతదేశములో నివసించు వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరములో పరిమితికి లోబడి సొమ్మును విదేశమునకు పంపవచ్చును. మొదట 25 వేల డాలర్లుగా ఉన్న ఆ పరిమితి 2015 నుండి 2 లక్షల 50 వేల డాలర్లు. ఈ మార్గములో విదేశములో స్థిరాస్తి కొనుటకు 2022 నాటి నియమములు కూడ అనుమతించుచున్నవి.

కాని ముఖ్యమైన షరతు ఒకటి గలదు. ఈ పథకము క్రింద విదేశములో ఆస్తి కొనుట వంటి మూలధన వ్యవహారములకు పంపు సొమ్మునకు మన బ్యాంకులు అప్పు ఇవ్వరాదు. "బ్యాంకు ఇవ్వదు గనుక ప్రైవేటుగా తెచ్చుదము" అని ఆ బంధువు చెప్పిన మాట మేము ఈ షరతును చదివిన పిమ్మటనే పూర్తిగా అర్థమైనది. నియమము చేసినవారు అప్పు సొమ్ముతో ఈ సాహసము వలదని తలచినారు. దానికి ప్రక్కదారి వెదకువాడు ఆ ప్రమాదమునంతటిని తన ఇంటికే తెచ్చుకొనుచున్నాడు. సొమ్మును అధీకృత బ్యాంకు ద్వారా గాక హవాలాలో పంపుట నేరము. విదేశములోని ఆస్తిని ఆదాయపు పన్ను పత్రములో చూపకపోవుట 2015 నాటి నల్లధన చట్టము క్రింద శిక్షకు కారణము.

ఆవలి దేశపు చట్టమును కూడ చూడవలెను. నేపాల్‌లో విదేశీయులు సాధారణముగ తమ పేర భూమి కొనజాలరు. మయన్మార్‌లో 1987 నాటి చట్టము విదేశీయులకు స్థిరాస్తి బదిలీని నిషేధించినది. 2016లో మాత్రము కొన్ని అపార్టుమెంటు భవనములలో పరిమితముగ అవకాశమిచ్చినారు. శ్రీలంక 2014లో విదేశీయులకు భూమి అమ్ముటపై ఆంక్షలు పెట్టినది. దుబాయిలో నిర్ణీత ప్రాంతములలో విదేశీయులు కొనవచ్చును, అయినను 2008 చివరి నుండి అక్కడి ధరలు ఎంతగా కూలినవో మన గల్ఫు కుటుంబములకు గుర్తే. చట్టము ఒప్పుకొనని చోట "స్థానికుని పేర వ్రాయింతము" అను సలహా వచ్చును. ఆ కాగితము మీద యజమాని ఆ స్థానికుడే. అతడు కాదన్న నాడు మన కోర్టులో దావా వేయుటకు వీలులేదు.

8. రెండు రూపాయల వడ్డీ లెక్క

చట్టము సంగతి అటుంచి లెక్క చూతము. నూటికి నెలకు రెండు రూపాయలనగా సాలీనా 24. పది లక్షల రూపాయల అప్పుకు నెలకు 20 వేలు, ఏటికి 2 లక్షల 40 వేలు. కొనిన ఫ్లాటు అద్దె దాని ధరలో ఏటికి నూటికి 4 వంతులు వచ్చినదనుకొనినను 40 వేలు. మిగిలిన 2 లక్షలు ఎవరు కట్టవలెను? ఫ్లాటు ధర ప్రతి సంవత్సరము నూటికి 20 చొప్పున పెరిగిననే లాభము లేక నష్టము లేక సరిపోవును. అది కూడ అమ్మినప్పుడే చేతికి వచ్చును. వడ్డీ మాత్రము నెలనెల అడుగును. దగ్గరి గడువు సొమ్మును దూరపు ఆస్తిలో పెట్టిన చెట్టియార్ల లోపము ఇదియే. వారికి 65 కోట్లు, బంధువుల బలగము, రంగూన్‌లో కొట్లు ఉన్నవి. ఈ కుటుంబమునకు ఉన్నది మూడెకరములు.

వడ్డీని, సూద్‌ను, కూడనిదిగా భావించు మన ముస్లిము విద్యార్థులు ముషారకా అను పద్ధతిని ఎరుగుదురు. అందులో సొమ్ము పెట్టినవారు లాభములోను నష్టములోను భాగస్వాములు. మతపు మాట అటుంచి కేవలము వాణిజ్య దృష్టితో చూచినను అందులో ఒక మంచి పరీక్ష ఉన్నది. బేరము తెచ్చినవానిని "మీరును మాతో సమానముగ సొమ్ము పెట్టి, నష్టము వచ్చినచో భరింతురా?" అని అడుగవలెను. ఒప్పుకొనినచో ఆ బేరమును ఇంకను పరిశీలింపవచ్చును. తనకు కమీషను మాత్రము చాలుననినచో ఆ బేరముపై అతనికే నమ్మకము లేదని గ్రహింపవలెను.

9. ముగింపు

మేము ఈ సమాధానమును ఆ విద్యార్థికి మూడు ప్రశ్నలుగా కుదించి వ్రాసి ఇచ్చినాము. ధర సగమైనచో అప్పు తీర్చగలరా? ఆవలి ప్రభుత్వము చట్టము మార్చినచో మీ హక్కును ఏ కచేరీ నిలుపును? మీరు కొను చోట నివసించు ప్రజలకు మీ కొనుగోలు వలన మేలా, కీడా? చెట్టియార్లు తెలివిగలవారు, లెక్క తెలిసినవారు, మాట నిలుపుకొనువారు. ఈ మూడు ప్రశ్నలకు కాలము వారికి ప్రతికూలమైన సమాధానమిచ్చినది.

పెట్టుబడి పెట్టవలదని మా అభిప్రాయము కాదు. సొంత సొమ్ము ఉన్నవారు, చట్టము అనుమతించిన మేరకు, పోయినను కుటుంబము నిలువగలిగినంత పెట్టవచ్చును. తిండి పెట్టు పొలమును తాకట్టు పెట్టి, నెలవడ్డీ సొమ్ముతో, కంటితో చూడని నేలను కొనుట మాత్రము వలదని మేము స్పష్టముగ చెప్పుచున్నాము. వేసవి సెలవుల తరువాత ఆ విద్యార్థి మమ్ము కలిసికొని, తండ్రిగారు ఆ ప్రశ్నలను బంధువు ఎదుట చదివించినారనియు, పట్టాదారు పాసు పుస్తకము ఇంటిలోనే ఉన్నదనియు చెప్పినాడు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. మన విద్యార్థుల ఇండ్లలో చీటీలు, చేబదుళ్లు, తాకట్లు, గల్ఫు నుండి వచ్చు సొమ్ము నిత్యవ్యవహారములు. ప్రామిసరీ నోటు, తాకట్టు దస్తావేజు, చీటీ ఒప్పందము అను మూడు కాగితములను తెలుగులోను ఉర్దూలోను చదివి అర్థము చేసికొనుటకు వాణిజ్యశాస్త్ర సంఘము ఆధ్వర్యములో నెలకొక తరగతి ఏర్పాటు చేయవలెనని కోరుచున్నాము. ఇందుకు ఖర్చు స్వల్పము. ఒక్క కుటుంబపు పొలము నిలిచినను ఆ శ్రమ ఫలించినట్లే.

విద్యార్థులు ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. 1876 నాటి భూచట్టము బర్మా రైతునకు మేలు చేసినదా, కీడు చేసినదా? రెండు వైపుల కారణములు వ్రాయుడు.

2. వడ్ల ధర 150 నుండి 100 రూపాయలకు మాత్రమే దిగినచో, పై ఉదాహరణలోని రైతు అసలు, ఏటి వడ్డీ ఎన్ని గంపలగును?

3. 1937లో బర్మా విడిపోవుటకును, 2014లో రాష్ట్రము విడిపోవుటకును ఆస్తిహక్కుల విషయములో గల తేడాలను వివరింపుడు.

4. మీ ఊరిలో సాగర్ కాలువ వచ్చిన తరువాత భూములు ఎట్లు చేతులు మారినవో ఇంటి పెద్దలను అడిగి ఒక పుట వ్రాయుడు. కొనినవారి మాటను, అమ్మినవారి మాటను రెండింటిని వ్రాయుడు.